నీడగుంట జిమ్‌లో తొమ్మిది నిమిషాలు

రోజు 1,106

ఏడో ట్రెడ్‌మిల్ ఎడమవైపు తాడు సాగిపోయింది, మార్చాను. చెమట తెరలు పన్నెండూ ఉతికి ఆరేశాను. ఇక్కడ, చంద్రుడి మీది ఈ నీడగుంటలో, చెమట చుక్క వెంటనే కింద పడదు, మెల్లగా ఎగిరి పక్కవాళ్ల మొహం మీద వాలుతుంది. అందుకే ఒక్కో యంత్రానికీ మధ్య గుడ్డతెర కట్టాం.

మూడో జట్టులో పన్నెండుమందికి ఏడుగురే వచ్చారు. నాలుగో జట్టులో ఆరుగురు. రాని వాళ్లందరిదీ ఒకటే మాట, తలనొప్పి. మంచు కరిగించే కొత్త పంపును జిమ్ గోడకు ఆనించి బిగించి నలభై రోజులైంది. అప్పటినుంచి ఈ గదిలో పక్క మనిషితో మాట్లాడాలన్నా గొంతు చించుకోవాల్సి వస్తోంది. నడకే ఇష్టంలేని వాళ్లకు మంచి సాకు దొరికింది. కానీ ఇది సాకు మాత్రమే కాదు. పోయిన వారం అరవై మందికీ చెవుల పరీక్ష చేస్తే పదకొండు మందికి సన్నటి శబ్దాలు వినిపించడం మానేశాయి.

భద్రతాధికారి సుభాషిణి గారికి రెండు సమస్యలూ కలిపి రాసి పంపాను. రోజూ రెండు గంటలు నడవకపోతే ఎముకలు గుల్లబారతాయి. నడిస్తే చెవులు పోతాయి. ఏదో ఒకటి చెప్పండి అని.

రోజు 1,109

సుభాషిణి గారి జవాబు ఒక పెట్టె రూపంలో వచ్చింది. అందులో మూడు రకాల హెడ్‌ఫోన్లున్నాయి. వర్క్‌షాపులో ఒక రకమే అచ్చు తీయగలరట. ఏది కావాలో పది రోజుల్లో నన్నే తేల్చమన్నారు.

మొదటివి చెవి రంధ్రంలో దూర్చుకునే చిన్న గుండీలు. రెండోవి చెవి మొత్తాన్ని కప్పేసే పెద్ద డొప్పలు, బయటి చప్పుడు లోపలికి చీమంత కూడా రానివ్వవు. మూడోవి చెవి ముందు, దవడ ఎముక మీద ఆనేవి. పాట ఎముకలోంచి వినిపిస్తుంది, చెవి తెరిచే ఉంటుంది. ముచ్చటగానే ఉన్నాయి గానీ పంపు మోత ఆపలేవు.

భూమ్మీద ఉన్నప్పుడు కరీంనగర్‌లో నేను పనిచేసిన జిమ్‌లో ఈ పంచాయితీ ఎవరికీ ఉండేది కాదు. ఎవరికి నచ్చింది వాళ్లు కొనుక్కొని వచ్చేవాళ్లు. ఇక్కడ అరవై మంది చెవుల బరువు నా మీద పడింది.

రోజు 1,113

చిన్న గుండీలు నలుగురికి ఇచ్చి చూశాను. పరుగు మొదలెట్టిన పావుగంటకు చెమటకు జారిపోతున్నాయి. జారినవి నిదానంగా, ఆకు రాలినట్టు, కిందికి దిగుతాయి. వాటిని పట్టుకోబోయి ఒకాయన మణికట్టు బెణికించుకున్నాడు. గుండీలు వద్దనుకున్నాను.

రెండో జట్టులో ఓదెలన్నకు పెద్ద డొప్పలు పెట్టాను. ఓదెలన్న డ్రిల్లరు. నీడగుంటకు వచ్చి పదేళ్లయింది, ఇక్కడి మనుషుల్లో అందరికంటే పాతవాడు. వాళ్ల నాన్న, తాత గోదావరి ఒడ్డున బొగ్గుబాయిలో దిగినవాళ్లు. ఈయన చంద్రుడి మీద మంచు తవ్వుతున్నాడు. మా ఊరివైపు మనిషే కాబట్టి నేను వచ్చిన మొదటిరోజే నన్ను చెల్లె అన్నాడు.

భూమ్మీద ఆయన బరువు డెబ్బై రెండు కిలోలు, ఇక్కడ పన్నెండు. మిగతా అరవై కిలోలూ భుజాల పట్టీలకు కట్టిన రబ్బరు తాళ్లతో నేను లాగిపెడతాను. ఆయన ఎముకల పరీక్ష రెండుసార్లు తప్పాడు. ఎముక గట్టిగా లేనివాడిని భూమికి తిరుగు ఓడ ఎక్కించరు, దిగేటప్పుడు వెన్ను విరుగుతుంది. మూడో పరీక్ష రోజు 1,190న ఉంది. ఆ తర్వాత ఆరు రోజులకు ఓడ.

ఆయన్ను ఎలాగైనా వెనక్కి తీసుకుపోవాలని కూతురు జమున రెండేళ్ల కింద మంచు ల్యాబులో ఉద్యోగం సంపాదించుకొని ఇక్కడికి వచ్చింది. తల్లి లేదు. తండ్రి జిమ్ ఎగ్గొట్టకుండా రోజూ ఆయన పక్క యంత్రం మీదే నడుస్తుంది. నన్ను అత్తా అంటుంది. సెలవు రోజున నా జడ వేసేది కూడా ఆ పిల్లే.

డొప్పలు పెట్టుకున్న ఓదెలన్న రెండు నిమిషాలు నడిచి, తీసి నా చేతిలో పెట్టాడు. మంచిగనే ఉన్నయి గని నాకొద్దు అన్నాడు. ఎందుకని అడిగాను.

"బయట ఎనిమిది గంటలు నా ఊపిరి నేనే ఇనుకుంట పని చేస్త చెల్లె. గాలి లేదు, సప్పుడు లేదు. లోపటికొచ్చినంకనన్న మనుషుల మాట చెవుల పడాలె గద."

ఎముక మీద పెట్టుకునేవి ఆయనకు నచ్చాయి. అవి పెట్టుకొని, పంపు మోతలోనే జమునతో అరుచుకుంటూ గంటన్నర నడిచాడు.

రోజు 1,118

తేల్చేశాను. పెద్ద డొప్పలే.

లెక్కలు చూస్తే వేరే దారి కనిపించలేదు. డొప్పలు పెట్టుకున్న వాళ్లు రెండు గంటలూ పూర్తి చేస్తున్నారు, తలనొప్పి లేదు. ఎముక మీద ఆనేవి పెట్టుకున్న వాళ్లకు పంపు మోత ఎప్పట్లాగే తగులుతోంది, పైగా దాన్ని మించి వినాలని పాట ఇంకా పెంచుతున్నారు. చెవులు పోయిన పదకొండుమందిలో ఓదెలన్న ఒకడు. నీ చెవుల కోసమే ఎముక మీద ఆనేవి వద్దంటున్నాను అంటే ఆయన ఒప్పుకోలేదు. బాయిలో చెవులు మూసుకొని పనిచేసిన మనిషిని తన తండ్రి ఎన్నడూ చూడలేదన్నాడు. కప్పు కూలేముందు చిటచిటమంటుందట, అది విని వాళ్ల నాన్న ఒకసారి ఆరుగురిని బయటికి లాగాడట.

ఇది జిమ్ కదన్నా, ఇక్కడ కప్పు కూలదు, నేనున్నాగా చూడ్డానికి అన్నాను. అది ఆయనకు సరిపోయింది. నువ్వున్నవంటే సరే అన్నాడు.

వర్క్‌షాపుకు ఆర్డరు కాగితం మీద సంతకం పెట్టి పంపాను.

రోజు 1,131

వర్క్‌షాపు వాళ్లు అరవై జతలూ ఇచ్చేశారు. వారం నుంచి ఐదు జట్లూ నిండుగా వస్తున్నాయి. సుభాషిణి గారు స్వయంగా వచ్చి చూసి, ఈ మూడేళ్లలో ఇంత హాజరు ఎప్పుడూ లేదని మెచ్చుకున్నారు.

ఎవరికేం వినాలనుందో నా దగ్గర రాయించుకుంటున్నాను. పాటలు అడుగుతారనుకున్నాను. సగంమంది అడగలేదు. ఒకరికి రేకుల మీద వాన కావాలి. ఇంకొకరికి కూరగాయల మార్కెట్. జమున రైలు ప్రయాణం అడిగింది, కిటికీ పక్కన కూర్చున్నట్టు ఉండాలంది. భూమినుంచి తెప్పించిన శబ్దాల నిల్వలో అన్నీ దొరికాయి. రైలు దొరికిన రోజు జమున రెండు గంటలయ్యాక కూడా దిగలేదు.

ఒక్కటే వింతగా ఉంది. ఇదివరకు మోతలోనే అయినా ఒకరినొకరు పిలుచుకునేవాళ్లు, తెరల మీంచి తువ్వాళ్లు విసురుకునేవాళ్లు. ఇప్పుడు పన్నెండుమందీ గోడవైపు తిరిగి, కళ్లు మూసుకొని, ఎవరి ఊళ్లో వాళ్లు నడుస్తున్నారు. దిగి, డొప్పలు కొక్కేనికి తగిలించి, తల ఊపి వెళ్లిపోతున్నారు.

ఓదెలన్న కూడా పెట్టుకుంటున్నాడు. ఏం పెట్టమంటావని అడిగితే ఏదో ఒకటి పెట్టమన్నాడు. వాన పెట్టాను.

రోజు 1,141

నిన్న జరిగింది ఇవాళ రాస్తున్నాను. భద్రతా కార్యాలయం వాళ్ల రికార్డు వేరే ఉంది. ఈ పుస్తకం నాది.

నిన్న ఉదయం రెండో జట్టు. ఓదెలన్న ఐదో యంత్రం, జమున ఆరు. పట్టీలు నేనే బిగించాను. ఓదెలన్న భుజం కొద్దిగా పట్టేసిందన్నాడు, ఎడమ భుజం. తాడు అరకిలో తగ్గించాను. అంతకు మించి అడగలేదు.

పది నలభై రెండుకు ఆయన గుండె లయ తప్పింది. మణికట్టు పట్టీ అది పసిగట్టి నా బల్ల మీద గంట మోగించింది, ఎర్రదీపం వెలిగించింది. యంత్రం దానంతటదే ఆగింది. తాళ్లు ఆయన్ను పడిపోనివ్వలేదు. పడి ఉంటే ఎవరో ఒకరు చూసేవాళ్లేమో. మోకాళ్లు వంగి, పట్టీలకు వేలాడుతూ, గుడ్డతెరల మధ్య ఉండిపోయాడు. డొప్పలు ఆయన మెడలో ఉన్నాయి. చెవులనుంచి ఆయనే తీసుకున్నాడు.

నేను చూసింది పది యాభై ఒకటికి.

నేల మీద పడుకోబెట్టి ఛాతీ నొక్కబోతే, నొక్కిన ప్రతిసారీ నేనే పైకి లేచిపోయాను. పాదాలు యంత్రం కడ్డీ కింద ఇరికించి మళ్లీ నొక్కాను. నా అరుపు ఎవరికీ వినిపించలేదు. ఆరో యంత్రం తెర చింపి జమున కాలు పట్టి లాగాను. ఆ పిల్ల నవ్వుతూ కళ్లు తెరిచింది, ఏంటత్తా అన్నట్టు.

డాక్టరు వచ్చేసరికి ఐపోయింది.

రోజు 1,143

ఓదెలన్నను నాలుగో గుంటలో పెట్టారు. ఆయనే తొలిచిన గుంట, మంచు అయిపోయి రెండేళ్లనుంచి ఖాళీగా ఉంది. అక్కడ ఎన్నడూ ఎండ పడదు. మనిషి ఎలా పెడితే అలాగే ఉంటాడు.

సూట్లు తొడుక్కొని ఇరవై మంది వెళ్లాం. పలుగు దింపితే చప్పుడు లేదు, మట్టి పోస్తే చప్పుడు లేదు. ఎవరి ఊపిరి వాళ్లు వింటూ నిలబడ్డాం. జమున సూటు రేడియో ఆపడం మరిచిపోయింది. ఆ పిల్ల ఊపిరి ఇరవై మందికీ వినిపించింది, తిరిగి వచ్చేదాకా.

రోజు 1,145

విచారణ అరగంటలో ముగిసింది. సుభాషిణి గారే అడిగారు, సుభాషిణి గారే రాశారు. పంపు మోతలో గంట వినిపించలేదు, ఆ సమయంలో జిమ్ అటెండరు స్వరూప సామాన్ల తనిఖీలో ఉంది, ఎవరి తప్పూ లేదు అని.

అది నిజం కాదని ఆమెకు చెప్పాను. చెప్పాను, కానీ తలుపు వేశాక, ఇద్దరమే ఉన్నప్పుడు.

జరిగింది ఇది. వర్క్‌షాపు వాళ్లు డొప్పలకు కొత్త మెత్తలు చేశారు, పాతవి చెమటకు గట్టిపడుతున్నాయని. రెండింట్లో ఏది మంచిదో చూసి చెప్పమని ఆ ఉదయం ఒక జత పంపారు. బల్ల దగ్గర కూర్చొని పెట్టుకున్నాను. నిల్వలో నాకోసం ఏం వెతుక్కోవాలో తోచక కరీంనగర్ బస్టాండు అని కొట్టాను. ఉంది. కండక్టరు ఊళ్ల పేర్లు చదువుతున్నాడు. పల్లీలమ్మే ఆమె అరుస్తోంది. ఎవరో ఆడమనిషి సంచి మరిచిపోయి బస్సు వెంట పరుగెడుతోంది. మూడేళ్లనుంచి నేను వినని చప్పుళ్లు. ఒక్క నిమిషం అనుకొని కళ్లు మూసుకున్నాను. కుర్చీ గోడవైపు తిరిగిపోయింది. తొమ్మిది నిమిషాలు.

సుభాషిణి గారు అంతా విన్నారు. ఆమె చెడ్డ మనిషి కాదు.

"స్వరూపా, నువ్విది చెబితే ఆయన తిరిగొస్తాడా? నిన్ను తీసేస్తే ఈ అరవై మందిని ఎవరు నడిపిస్తారు? కొత్త మనిషి రావాలంటే ఐదు నెలలు పడుతుంది. ఆ పిల్ల ముందే కుమిలిపోతోంది. ఇంకో గాయం ఎందుకు చెప్పు" అన్నారు.

కాగితం నా ముందు పెట్టారు. సంతకం పెట్టాను.

రోజు 1,150

సాయంత్రం జమున గదికి జావ తీసుకెళ్లాను. వారం రోజులుగా ఇదే పని. ఆ పిల్ల నా చేతిమీద చేయి వేసి, నువ్వు లేకుంటే ఏమైపోయేదాన్నో అంది. బాపు కోసం అంత కష్టపడ్డవు, కాళ్లు కోసుకుపోయినయట గదా అని నా పాదాల కట్లు చూసింది. నాకు అక్కడ కూర్చోవడం చేతకాలేదు. గిన్నె కడిగే నెపంతో లేచి కుళాయి దగ్గర నిలబడ్డాను.

డాక్టరును అడిగాను, నాలుగైదు నిమిషాల్లో చూసి ఉంటే బతికేవాడా అని. బతికేవాడేమో, చెప్పలేం అన్నాడు. ఏ ఒక్కటీ తేల్చి చెప్పలేదు. అది దయ అనుకోవాలో, శిక్ష అనుకోవాలో నాకు తెలియలేదు.

రోజు 1,154

జమున జిమ్‌కు రావడం లేదు. పద్నాలుగు రోజులు. ఇలాగైతే తనూ ఎముకల పరీక్ష తప్పుతుంది, ఓడ పోతుంది. తర్వాతి ఓడ ఏడాదికి. ఈలోగా తండ్రి ఎముకలకు పట్టిన గతే ఆ పిల్ల ఎముకలకూ పడుతుంది.

ఇవాళ వెళ్లి బతిమాలాను. మంచం అంచున కూర్చున్న ఆ పిల్ల నేను తెచ్చిన జావ గిన్నెను పక్కకు జరిపింది. తర్వాత నన్ను అడిగింది.

"బాపు నన్ను పిలిచిండా అత్తా?"

నాకు తెలియదన్నాను. అది నిజమే.

"మెడల ఉన్నయి గద డొప్పలు. తీసిండంటే పిలిచిండు. మూడడుగుల దూరంల ఉన్న. రైల్ల కూసున్నట్టే ఉండె నాకు. సప్పుడు ఇంక పెంచుకున్న."

అప్పుడు అర్థమైంది నాకు. ఆ పిల్ల తిండి మానేసింది దుఃఖంతో మాత్రమే కాదు. తండ్రి చావు తన మెడకు చుట్టుకొని కూర్చుంది. అది నాది. నేను మోయవలసిన దాన్ని ఆమె మోస్తుంటే రోజూ జావ గిన్నె పట్టుకొని వెళ్లి ఓదారుస్తున్నాను.

అయినా నా సంగతి చెప్పలేదు. నీ తప్పేం లేదమ్మా అని, ఎవరైనా అనే మాట అని వచ్చేశాను.

రోజు 1,156

చెప్పాను.

ల్యాబులో మధ్యాహ్నం విరామం. జమున మంచు పలకలు కోసి గాజు పెట్టెల్లో సర్దుతోంది. కూర్చోమంది. కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పాను. గంట మోగింది, ఎర్రదీపం వెలిగింది, నా చెవులకు డొప్పలున్నాయి, నా కళ్లు మూసుకొని ఉన్నాయి. సామాన్ల తనిఖీ అన్నది అబద్ధం, దానికింద సంతకం నాది. వినడం నీ పని కాదు, నా పని. ఆ గదిలో వినాల్సిన మనిషి నేనొక్కదాన్నే.

ఆమె చేతిలో ఉన్న పలకను జాగ్రత్తగా పెట్టెలో పెట్టి మూత వేసింది. చేతి తొడుగులు తీసింది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండుననుకున్నాను.

"అప్పుడు నువ్వేమింటున్నవ్?" అని అడిగింది.

"బస్టాండు" అన్నాను.

"ఏ బస్టాండు?"

"మనదే. కరీంనగర్."

తల కిందికి వేసుకుంది. ఆ బస్టాండులో ఏయే ఊళ్ల పేర్లు వినిపించాయో అడిగింది. చెప్పాను. పెద్దపల్లి, మంథని, ధర్మపురి. ఒక్కో పేరుకూ తల ఊపింది, ఎక్కడో లెక్క సరిచూసుకుంటున్నట్టు.

"పదమూడు రోజులు నాకు తినవెట్టినవ్. పదమూడు రోజులు నీకు తెల్సు" అంది.

తెలుసు అన్నాను.

"పో అత్తా. ఇప్పుడైతే పో."

రోజు 1,157

సుభాషిణి గారికి నా వాంగ్మూలం రాసి ఇచ్చాను. ఈసారి తలుపు తెరిచే ఉంది, బయట ఇద్దరు ఉద్యోగులు కూర్చొని ఉన్నారు. ఆమె రెండుసార్లు చదివారు. ఇది పైకి పంపితే మళ్లీ ఎక్కడా ఈ ఉద్యోగం ఇవ్వరని హెచ్చరించారు. పంపమన్నాను. ఆమె రాసిన దానికీ జవాబు చెప్పుకోవాల్సి వస్తుందని ఆమెకు తెలుసు. అయినా చింపలేదు. కవరులో పెట్టి, నా ముందే అంటించారు.

కొత్త మనిషి వచ్చేదాకా నన్నే కొనసాగమన్నారు. అందుకు నాకేమీ ఊరట కలగలేదు.

రోజు 1,160

డొప్పలు అరవై జతలూ వెనక్కి తీసుకున్నాను. ఎముక మీద ఆనేవి తయారు చేయమని వర్క్‌షాపుకు రాశాను. అవి వచ్చేదాకా మెత్తటి దూది బిళ్లలు. గంట వినిపిస్తుంది, మాట వినిపిస్తుంది, పంపు కూడా వినిపిస్తుంది.

జనం గొడవ పడ్డారు. ఒక మనిషి పోయాడని మా అందరి చెవులూ బద్దలవ్వాలా అని మూడో జట్టులో ఒకాయన నిలదీశాడు. నువ్వు వినకపోతే మేమెందుకు మోత భరించాలి అని ఇంకొకామె అంది. వాంగ్మూలం సంగతి ఊరంతా తెలిసిపోయింది. ఆమె అన్నది న్యాయమే. పట్టీలు బిగించాను. కొందరు భుజం వెనక్కి లాక్కొని తామే బిగించుకున్నారు.

రోజు 1,165

ఓదెలన్నతో డ్రిల్లు పట్టినవాళ్లు తొమ్మిదిమంది, తమ పని అయ్యాక రోజూ రెండు గంటలు అదనంగా ఉండి, గుంటల్లోంచి తోడిపోసిన మట్టిని సంచుల్లో నింపి, పంపును జిమ్ గోడనుంచి విప్పి దూరం జరిపి, మధ్యలో పేర్చారు. ఎవరూ అడగలేదు. ఎవరి అనుమతీ తీసుకోలేదు. ఇవాళ పని పూర్తయింది.

కొలిచి చూశాను. మోత సగానికి సగం తగ్గింది. పక్క మనిషితో మామూలు గొంతుతో మాట్లాడితే వినిపిస్తోంది.

నాలుగు రోజులు పట్టింది, అంతే. మట్టి, గోనెసంచులు, తొమ్మిదిమంది మనుషులు. యాభై రోజుల కింద ఈ ఆలోచన నాకు రాలేదు. పెట్టెలో పంపిన మూడింటిలో ఏది మంచిదో చూడమన్నారు, ఆ మూడింటినే చూశాను. ఆ గోడ పక్కన నిలబడి చాలాసేపు ఏడ్చాను.

రోజు 1,168

రెండో జట్టు. జమున వచ్చింది.

నేరుగా ఆరో యంత్రం ఎక్కింది. ఐదోది ఖాళీగా ఉంది, ఎవరూ దానిమీద నడవడం లేదు. బాగా చిక్కిపోయింది, పట్టీలు రెండు రంధ్రాలు బిగించాల్సి వచ్చింది. దూది బిళ్లలూ, కొత్తగా వచ్చిన హెడ్‌ఫోన్లూ ఉన్న పళ్లెం చాపాను.

"నాకేం పెట్టకు. నువ్వు జూడు, సాలు."

బల్ల దగ్గరికి వెళ్లలేదు. తెరలన్నీ పక్కకు జరిపి, పదకొండుమందీ కనిపించే చోట నిలబడ్డాను. చెమట చుక్కలు ఎగిరితే ఎగరనీ.

పది నిమిషాలు నడిచింది. గోడవైపే చూస్తూ, గొంతు పెంచకుండా, "అత్తా" అంది.

"ఉన్న బిడ్డా" అన్నాను.

ఇంకేమీ లేదు. నడుస్తూ పోయింది. మరో పావుగంటకు మళ్లీ, ఇంకా చిన్న గొంతుతో, "అత్తా."

"ఉన్న."

అలా రెండు గంటల్లో పదకొండుసార్లు. ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. దిగాక తనే పట్టీలు విప్పుకొని వెళ్లిపోయింది.

రోజు 1,182

రోజూ వస్తోంది. ఉదయం ఒక విడత, సాయంత్రం ఒక విడత. పోయిన రోజులు పూడ్చుకోవాలి కదా. ఆ పిలుపు తప్ప నాతో వేరే మాట లేదు. దారిలో ఎదురైతే తలవంచుకొని పోతుంది. జడ నేనే వేసుకుంటున్నాను.

రోజు 1,190

జమున ఎముకల పరీక్ష నెగ్గింది. బొటాబొటిగా నెగ్గింది. ఫలితం తెరమీద వచ్చినప్పుడు డ్రిల్లర్లు ఆమె చుట్టూ చేరారు. నేను జిమ్ గుమ్మంలోనే ఆగిపోయాను.

రోజు 1,196

ఓడ ఉదయం తొమ్మిదికి. ఆరున్నరకు జమున జిమ్‌కు వచ్చింది. ఇంకా ఏ జట్టూ రాలేదు. భుజాన సంచి ఉంది. ఐదో యంత్రం దగ్గరికి వెళ్లి, కడ్డీ మీద చేయి పెట్టి నిలబడింది. నాలుగో గుంటకు నిన్ననే పోయి వచ్చిందని డ్రిల్లర్లు చెప్పారు.

తండ్రిని తీసుకుపోదామని వచ్చి ఉత్త చేతులతో పోతున్న మనిషితో ఏం మాట్లాడాలి? బాగా తిను, దిగేటప్పుడు నడుముకు పట్టీ పెట్టుకో అన్నాను. విన్నది.

"నిన్ను మాఫ్ జేసిననుకోకు అత్తా" అంది. "ఒక్కదాన్నే నడవచాతగాక పిలిచిన."

"తెల్సు బిడ్డా."

"నువ్వు చెప్పకపోతె ఇంకా ఆ మంచంల్నే ఉంటుంటి. అది గూడ నిజమే. రెండు నిజమే. ఏం జెయ్యాల్నో నాకు తెలుస్తలేదు."

నాకూ తెలియదన్నాను. సంచి సర్దుకొని వెళ్లింది. గుమ్మం దగ్గర ఆగలేదు.

తొమ్మిదికి నేల సన్నగా అదిరింది. ఓడ లేచినప్పుడు ఇక్కడ తెలిసేది అంతే, పాదాలకు.

రెండో జట్టు వచ్చింది. పదిమంది. పట్టీలు బిగించి, ఒక్కొక్కరి భుజం, మెడ, ఊపిరి ఎలా ఉన్నాయో అడిగి, అందరి మొహాలూ కనిపించేలా నిలబడ్డాను.